మేడిపండు ముచ్చట

ఊరి నుంచి,
ఐతారం రాత్రి

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు ఇప్పుడు రాస్తున్న. ఏమనుకోకు. అమ్మ మోకాళ్ల నొప్పి జర నయం, పల్లిచేను పీకినం, చిన్నోడు ఐదో తరగతికొచ్చిండు. ఇంటి ముచ్చట్లు ఇంతే, అసలు సంగతి విను.

కేరళ సైలెంట్ వ్యాలీల సింహం తోక కోతులు మర్రి జాతి చెట్టెక్కి పండ్లు తింటున్నయని, ఆ వానల అడవి ముందు మన నల్లమల ఎంత అని రాసినవ్ కదా. నిన్న మన్ననూరు అవతల వాగొడ్డున మేడిచెట్టు కింద కూసున్న, ఇది గూడ మర్రి జాతే. మొద్దు నుంచి కొమ్మల దాక గుత్తులే గుత్తులు. కింద దుప్పుల గిట్టల గుర్తులు. కొండముచ్చులు సగం కొరికి పడేస్తే అవి ఏరుకుంటయట. తోడొచ్చిన చెంచు పెద్దాయన ఇంకా పండని కాయ తెంపి, "పగలగొట్టకు, సీసల పెట్టి చూడు" అన్నడు. పెట్టి, మూతికి గుడ్డ కట్టిన.

పొద్దుగాల చూస్తే కాయకు సూదిబెజ్జమంత తూటు! అందులకెళ్లి నువ్వుగింజ కన్నా చిన్న నల్లటి ఈగలు ఒక్కొక్కటే బయటపడి రెక్కలు దులుపుకుంటున్నయి. కందిరీగ జాతే. కాయ చీలిస్తే లోపల రెక్కల్లేని మగయి. అవి ముందు పుట్టి, ఆడవాటితోని కలిసి, దారి తొలిచి చస్తయి. ఆడవి పుప్పొడి మోసుకొని ఎగిరిపోతయి. మేడి పూలు కాయ లోపలనే ఉంటయిరా! ఇంకో చెట్టు లేతకాయ మూతిల దూరేటప్పుడే రెక్కలు ఊడతయి. పుప్పొడి రాలుస్తది, గుడ్లు పెడ్తది, అందులనే పాణం ఇడుస్తది.

బళ్లె వేమన పద్యంల "పొట్ట విప్పి చూడ పురుగులుండు" నీకు యాదికి రాకుంటే నేను నా పొట్ట చూపెట్టి అందిచ్చిన, గుర్తుందా? ఆ పొట్ట సంగతి మనిద్దరికే ఎరుక. పొట్టల పురుగంటే కుళ్లు అనుకున్నం. ఆ పురుగు దూరకుంటే కాయ పిందెలనే రాలిపోతది.

ఆ ఈగ బతికేది ఒకటి రెండు రోజులే. ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒక్కసారే తయారైతయి కాబట్టి, అప్పుడే లేతకాయలున్న ఇంకో చెట్టు దొరకాలె. అందుకే ఈ చెట్లన్నీ ఒక్క కాలంల కాయవు, ఏడాదంతా ఎక్కడో ఒకటి పండుతనే ఉంటది. నీ వానల అడవిల మిగతా చెట్లు కాయని రోజులల్ల కోతులు, హార్న్‌బిల్ పిట్టలు, గబ్బిలాలు ఈ జాతి పండ్ల మీదనే కాలం ఎల్లదీస్తయి. ఇసొంటి చెట్లు ప్రపంచంల 750 రకాలకు పైనే, చాలామట్టుకు దేని ఈగ దానిదే. మర్రి ఈగ మేడికి పనికిరాదు. గంత చిన్న పాణం మీద గంత పెద్ద అడవి!

మా చేను గట్టు మీది మేడిని నీడ పడుతుందని పోయినేడు కొట్టించినం. ఎన్ని ఈగలు దాన్ని ఎతుక్కుంట వచ్చి... రాయబుద్ధి అయితలేదు.

సీసల ఇంకా రెండు కదులుతున్నయి. చెరువుకట్ట మేడికి లేతకాయలు చూసినట్టు యాదికొస్తున్నది. బ్యాటరీ లైటు పట్టుకొని ఇప్పుడే పోతున్న, మిగతాది