చదువొచ్చిన వాళ్ళు ఒక అరగంట ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి పోయే దారిలో పంతొమ్మిదేళ్ళుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మీ పేపరు జిల్లా పేజీల్లో ఎవరో దాత అంబులెన్సు ఇచ్చారని, ఎవరో ట్రస్టు వాళ్ళు దుప్పట్లు పంచారని వచ్చే వార్తలు రోజూ చదువుతాను, చదివిన ప్రతిసారీ సంతోషమే. కానీ ప్రాజెక్టు బైండింగులకు మా షాపుకు వచ్చే కాలేజీ పిల్లలు కౌంటరు మీదున్న ఆ పేపరే తిరగేస్తూ "అన్నా, మాకూ ఏదైనా చేయాలని ఉంటుంది, కానీ మా దగ్గర డబ్బులెక్కడివి" అంటారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాళ్ళకు నోటితో చెప్పే జవాబే ఈసారి కాగితం మీద రాసి మీకు పంపుతున్నాను, వీలైతే వేయండి.

డబ్బు అక్కర్లేదు. మీకు చదవడం, రాయడం వచ్చు కదా, అది చాలు. మన ఊరికి వచ్చినవాళ్ళు ఆకలితో వెనక్కి పోరు, 1985 నుంచి కొండమీద నిత్యాన్నదానం జరుగుతూనే ఉంది. కానీ ఒక ఫారం నింపిపెట్టే మనిషి దొరక్క వెనక్కి పోయేవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత 72 శాతం దగ్గర ఉంది, అంటే నలుగురిలో ఒకరికి పైగా చదవడం రాదు. వచ్చిన వాళ్ళలోనూ చాలామందికి పేరు రాయడం వరకే. ఇంగ్లీషులో ఉన్న బ్యాంకు కాగితం, ఆసుపత్రి కాగితం చేతిలో పెడితే పదో తరగతి పాసైన వాళ్ళు కూడా దిక్కులు చూస్తారు.

ఆరేడేళ్ళ కిందట జూన్ నెలలో, అడ్మిషన్ల రోజుల్లో, సర్టిఫికెట్ల జిరాక్సులకు షాపు ముందు పాతికమంది నిలబడి ఉన్నారు. ఒక తాత చొక్కా జేబులోంచి మడత పెట్టిన కవరు తీసి "నాయనా, ఇందులో ఏం రాసుందో రవంత చదివి చెప్తావా" అన్నాడు. "కాసేపుండు తాతా" అన్నాను. ఒకపక్క మెషిన్లో కాగితం ఇరుక్కుంది, ఇంకోపక్క చిల్లర కోసం గొడవ, నా టెన్షన్లో నేనున్నాను. తలెత్తి చూసేసరికి తాత లేడు. ఆ కవరు ఆసుపత్రిదో, కోర్టుదో, బ్యాంకుదో నాకు ఈరోజుకీ తెలియదు. మూడు నిమిషాల పని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు షాపు ముందు ఒక బల్ల, రెండు స్టూళ్ళు వేసి, దారం కట్టిన పెన్ను పెట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు షాపు కొంచెం ఖాళీగా ఉంటుంది, ఆ వేళలో ఎవరొచ్చి ఏది చదవమన్నా చదువుతాను, ఏది రాయమన్నా రాస్తాను, డబ్బు తీసుకోను.

ఆ బల్ల దగ్గర నేను మొదట నేర్చుకున్నది పాస్‌బుక్ చదవడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

రొంపిచెర్ల వైపు నుంచి ఒక అమ్మ వచ్చింది, నలభై లోపే ఉంటాయి. భర్త చనిపోయి రెండు నెలలు. ఆయన ఖాతాలో ఉన్న నాలుగు వేలు తనకు ఇప్పించమని అర్జీ రాసిపెట్టమంది. ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉందని బ్యాంకులో అప్పటికే మూడుసార్లు తిప్పారట. ఖాతా నంబరు కోసం పాస్‌బుక్ తిప్పుతుంటే మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయినట్టు ఒక లైను కనబడింది, పక్కన ఇంగ్లీషులో నాలుగైదు పొడి అక్షరాలు. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 2015లో మొదలైన పథకం, 18 నుంచి 50 ఏళ్ళ వాళ్ళు చేరొచ్చు, 55 ఏళ్ళు వచ్చేదాకా కొనసాగొచ్చు, ఏడాదికోసారి ప్రీమియం ఖాతాలోంచి దానంతటదే పోతుంది. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి, కాకపోతే కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో పోతేనే ఇస్తారు. ఈయన వయసు 46, మూడేళ్ళుగా ప్రీమియం కట్ అవుతోంది. ఎప్పుడో బ్యాంకులో ఎవరో సంతకం పెట్టమంటే పెట్టుంటాడు, ఇంట్లో చెప్పలేదు, ఆయనకే గుర్తుండి ఉండదు. ఈమేమో నాలుగు వేల కోసం బస్సు చార్జీలు పెట్టుకుని తిరుగుతోంది, రెండు లక్షల సంగతి సంచిలో ఉన్న పాస్‌బుక్‌లోనే ఉంది.

మరణ ధ్రువీకరణ పత్రం, క్లెయిం ఫారం, ఆధార్, నామినీ ఖాతా వివరాలు, అన్నీ జత చేసి నేనే తోడు పోయాను. పేరు తేడాకు అఫిడవిట్ అడిగారు, అదీ చేయించాం. నాలుగో నెలకు డబ్బు పడింది. ఆ అమ్మ ఒక సంచి వేరుశనక్కాయలు బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు నిలబడి పోయింది. నేను చేసిందల్లా ఒక లైను చదవడం.

అందుకే ఆ పిల్లలకు చెప్తుంటాను, మీ ఇంట్లో పనిచేసే అమ్మది, మీ వీధి చివర పూలమ్మే అవ్వది, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది పాస్‌బుక్ ఒకసారి ప్రింట్ వేయించి, వాళ్ళు సరేనంటే వాళ్ళ పక్కన కూర్చుని చదవండి. 436 ఉందా, 20 రూపాయలు ఉందా చూడండి (ఆ 20 రూపాయలది సురక్ష బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు). ఉంటే ఇంట్లో వాళ్ళకు చెప్పించండి, నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో అడిగించండి. పోయిన పెద్దవాళ్ళ పాత డిపాజిట్లు ఏవైనా ఉన్నాయేమోనని అనుమానం ఉంటే, 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. పదేళ్ళు ఎవరూ కదిలించని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అయినా వారసులు ఆ బ్యాంకుకే వెళ్ళి అడిగి తీసుకోవచ్చు. ఈ సంగతి చదువుకున్న వాళ్ళలోనే ఎంతమందికి తెలుసు?

అయితే ఈ పనిలో జాగ్రత్త కావాలి. మనం మంచికే చేస్తున్నాం కదా అని ఎదుటివాళ్ళ కాగితాలు మన ఇష్టమొచ్చినట్టు పట్టుకోకూడదు. ఏటీఎం పిన్ అడగకూడదు, ఓటీపీ వాళ్ళు చెప్తామన్నా వద్దనాలి. వేలిముద్ర వేయించే ముందు ఆ కాగితంలో ఉన్నదంతా తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో, గట్టిగా చదివి వినిపించాలి. ఇది నేను ఒక్కసారి కూడా తప్పను, క్యూ ఎంత ఉన్నా సరే. ఎక్కడైనా సందేహం ఉంటే "ఈరోజు వేయొద్దమ్మా, ఇంటికి పోయి కొడుకునో తమ్ముణ్ణో అడిగి రేపు రా" అనాలి. నింపిన ఫారానికి ఒక జిరాక్స్ తీసి వాళ్ళ చేతికే ఇవ్వాలి. ఆ జిరాక్స్ వెనకాల పెద్ద అంకెలతో 1930 అని రాస్తాను, ఫోన్లో మోసపోయి డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు, ఫోన్ చేయగలరు.

ఇక మందులు. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేవాళ్ళ చేతిలో చీటీ మీద 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని మనకు తెలుసు. నగరి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, తెలుగు అంతంతమాత్రం, తమిళమే బాగా వచ్చు, రోజు మార్చి రోజు వేసుకోమన్న మాత్రను రెండు వారాలు రోజూ వేసుకుని నీరసంతో మళ్ళీ వచ్చింది. చీటీలో తప్పు లేదు, చెప్పినవాళ్ళ తప్పూ లేదు, ఆమెకు అర్థమయ్యే భాషలో నిదానంగా మరొకసారి చెప్పే మనిషి లేరంతే. అప్పటినుంచి మందుల షాపాయనను అడిగి రూఢి చేసుకున్నాక, మాత్రల కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి ఇస్తున్నాను. మన జిల్లాల్లో ఇది పెద్ద సంగతే. సత్యవేడు, నగరి వైపు తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ వినబడతాయి. స్విమ్స్, రుయా ఆసుపత్రులకు అందరూ ఇక్కడికే వస్తారు. మీకు రెండో భాష వస్తే ఓపీ దగ్గర ఒక గంట ఊరికే నిలబడండి, మీ అవసరం ఎవరికుందో వాళ్ళ మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

రక్తదానం గురించి చాలామంది రాస్తారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. 18 నిండి, 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. పుట్టినరోజుకు ఒకసారి ఇచ్చి ఊరుకోకండి, క్యాలెండర్‌లో రాసిపెట్టుకుని ఇవ్వండి.

నేను ముఖ్యంగా అడగాలనుకున్నది చూపులేని పిల్లల పరీక్షల గురించి. మన తిరుపతిలో 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి మహిళా యూనివర్సిటీ ఉంది, ఇప్పుడు ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. ఇంతమంది చదువుకునే పిల్లలున్న ఊళ్ళో, పరీక్షకు రెండు రోజుల ముందు ఒక చూపులేని డిగ్రీ అబ్బాయి మా షాపుకు వచ్చి "అన్నా, నా పరీక్ష రాసిపెట్టడానికి ఎవరైనా దొరుకుతారా" అని అడిగాడు. వస్తానన్న అబ్బాయి ఆఖరి నిమిషంలో రానన్నాడట. అందరికీ ఏవో పనులు, ఎవరికి ఫోన్ చేసినా "ఎల్లుండి కుదరదు" అనే జవాబే. చివరికి బైండింగుకు వచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి ఒప్పుకుంది.

చాలామందికి తెలియదు, ఇలా రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవడం ఆ పిల్లల హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత కేంద్రం 2018 ఆగస్టులో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ 2018 మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థి తనే మనిషిని తెచ్చుకుంటే ఆ మనిషి చదువు విద్యార్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి, పరీక్షకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. చేతులు పనిచేయని వాళ్ళకూ ఈ వీలుంది. అందుకే డిగ్రీ వాళ్ళకు ఇంటర్ పిల్లలు, పదో తరగతి వాళ్ళకు తొమ్మిదో తరగతి పిల్లలు కావాలి. పీజీ చదివిన వాళ్ళు ఉత్సాహంగా ముందుకొస్తారు గానీ పరీక్ష హాల్లోకి రానివ్వరు. వాళ్ళు ఇంకో రకంగా ఉపయోగపడొచ్చు, పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి ఇవ్వండి. ఆ డిగ్రీ అబ్బాయి అడిగింది కూడా అదే, చరిత్ర పాఠాలు, నిదానంగా, పేర్లు రెండేసి సార్లు.

ఆ ఇంటర్ అమ్మాయి పరీక్ష అయ్యాక వచ్చి ఒక మాట చెప్పింది. ఒక ప్రశ్నకు అతను చెప్పిన జవాబు తప్పని ఆమెకు తెలుసట, పెన్ను ఆగిపోయిందట, అయినా అతను చెప్పిందే రాసిందట. రాత్రంతా బాధపడ్డానంది. నువ్వు చేసిందే సరైన పని తల్లీ అన్నాను. అది అతని పరీక్ష, తప్పయినా ఒప్పయినా అతని మాటే కాగితం మీదికి రావాలి. నా బల్ల దగ్గర కూడా అంతే. వాళ్ళు అన్నదమ్ముల మీద అర్జీ పెట్టమంటే నాకు మంచిది కాదనిపించినా నా అభిప్రాయం ఒకసారి చెప్తాను, తర్వాత వాళ్ళు చెప్పిందే రాస్తాను.

నాతోటి షాపుల వాళ్ళకు కూడా ఒక మాట. ఫారం నింపినందుకు ఇరవయ్యో ముప్పయ్యో తీసుకోవడం తప్పని నేననను, అందరికీ అద్దెలు, కరెంటు బిల్లులు ఉన్నాయి. బల్ల వేయకముందు నేనూ తీసుకున్నాను. కానీ వితంతు పింఛను ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, ఆసుపత్రి కాగితం, ఈ మూడింటికైనా వద్దనండి.

సంపాదకుడు గారూ, మీ నుంచి రెండు సాయాలు కావాలి. ఫిబ్రవరి, మార్చి పరీక్షల కాలంలో జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి, పరీక్ష రాసిపెట్టే వాళ్ళు ఏ తేదీన, ఏ ఊళ్ళో, ఏ తరగతికి కావాలో వేయండి, పిల్లల పేర్లు అక్కర్లేదు, కాలేజీ వాళ్ళ ద్వారా సంప్రదించమంటే సరిపోతుంది. రెండోది, మే నెలలో బీమా ప్రీమియం కట్ అయ్యే రోజుల్లో పాస్‌బుక్‌లో ఆ లైను ఎలా ఉంటుందో ఒక బొమ్మ వేసి చూపించండి. మీ పేపరు చదవలేని వాళ్ళకు దాన్ని చూపించి చెప్పే బాధ్యత మాది.

మా బల్ల దగ్గర రెండో స్టూలు చాలా రోజులు ఖాళీగానే ఉంటోంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, ఆదివారం తప్ప. పెన్ను నేనిస్తాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
తిరుపతి.