ఐటీ మంత్రి గారికి శ్రీకాకుళం నుంచి: ఈ స్క్రీన్‌షాట్ల చాకిరీ ఆపించండి

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

అకౌంట్ల స్క్రీన్‌షాట్లతో షీట్ పంపమనే క్లౌడ్ భద్రత మెమో మళ్లీ వచ్చిందండి. గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి రసీదైనా దక్కింది, పై ఆఫీసుకు పెట్టిన మెయిళ్లకు అదీ లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

మేం పనిచేసే శాఖలో పథకానికో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్. ఏ వెండర్ వస్తే ఆ వెండర్ ఇష్టం వచ్చినట్టు తెరిచినవే అన్నీ. నెలనెలా ఒక్కోదాంట్లోకి వెళ్లి, బకెట్లకు, అంటే ఫైళ్లు దాచే చోట్లకు, పబ్లిక్ యాక్సెస్ మూసి ఉందా, ఎవరేం చేశారో రాసుకునే లాగ్‌లు నడుస్తున్నాయా, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కు ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో కోడ్) ఉందా అని చూసి, స్క్రీన్‌షాట్లు ఎక్సెల్‌లో అతికించి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పంపాలి. ఆ సంతకం కాంట్రాక్ట్ ఉద్యోగిది. పొద్దున మూసి ఉన్న బకెట్‌ను మధ్యాహ్నం వెండర్ కుర్రాడు టెస్టింగ్ అని తెరిస్తే మా స్క్రీన్‌షాట్ ఏం ఆపుతుంది సార్? అందులో ఉన్నవి ఉద్దానం కిడ్నీ రోగుల వివరాలైతే?

ఒక అకౌంట్ రూట్ మెయిల్ ఎప్పుడో పని మానేసి వెళ్లిపోయిన మనిషిది. ఎంఎఫ్‌ఏ కోడ్ వచ్చేదీ ఆయన ఫోన్‌కే. షీట్‌లో ఎంఎఫ్‌ఏ గడిలో 'ఉంది' అంటే అబద్ధం కాదు, కానీ మా చేతిలో లేదు. 'లేదు' అంటే వివరణ ఇమ్మని నోటీసు మాకే.

ఏడబ్ల్యూఎస్‌లోనే ఉన్న ఆర్గనైజేషన్స్ సదుపాయంతో అకౌంట్లన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, పబ్లిక్ యాక్సెస్ మూసేసి, ఆ సెట్టింగ్ ఎవరూ మార్చకుండా పైనుంచి సర్వీస్ కంట్రోల్ పాలసీ (అన్ని అకౌంట్లకూ హద్దులు గీసే రూల్) పెడితే కింది అడ్మిన్ కూడా ఏం చేయలేడు. ఎక్కడ రూల్ తప్పారో అన్ని అకౌంట్ల సెట్టింగులూ పోగుచేసే కాన్ఫిగ్ అగ్రిగేటర్ ఒకేచోట చూపిస్తుంది. 2017లో వచ్చిన ఆర్గనైజేషన్స్‌ను ఇప్పటికీ వాడుకోకపోతే ఎలా? అన్నట్టు, ఆ పాలసీ పైనున్న మేనేజ్‌మెంట్ అకౌంట్‌కు వర్తించదు. రూల్స్ కిందివాళ్లకేనన్నమాట, మాకు కొత్తేం కాదు లెండి.

భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. తమ శాఖ మాత్రం నెలకో షీట్ అడుగుతోంది. తుఫానొచ్చి కరెంటు పోయినా ఆ గడువు మారదు.

దయచేసి పైనుంచే అమలు చేయించండి. అంతవరకు వెళ్లిపోయిన ఆ మనిషి అకౌంట్ సంగతైనా తేల్చండి. అదీ కుదరకపోతే సంతకం గడిలోంచి మా పేర్లు తీసి, సెట్టింగ్ మార్చే అధికారం ఉన్నవాళ్ల పేర్లు పెట్టించండి.

ఇట్లు,
కాంట్రాక్ట్ సాంకేతిక సిబ్బంది,
శ్రీకాకుళం