వెళ్ళిపోయినవాళ్ళ నంబర్లిచ్చి తిప్పుతున్న మీ ఎఫ్‌ఎం స్టేషన్ మీద ఫిర్యాదు

స్టేషన్ హెడ్ గారికి,

పేరు రాయలేదు, ఏమనుకోకండి. మీ వెబ్‌సైట్‌లో ఒక పేరైతే ఉంది. కానీ ఆ పేజీలో ఉన్నవాళ్ళలో ఇంకా మీ దగ్గర పనిచేస్తున్నదెవరో కనుక్కోవడం నా వల్ల కాలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరుంటే వాళ్ళే చదువుకోండి.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో మగ్గం వర్క్ షాపు. 2006లో హైదరాబాద్‌కి ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చిన కొత్తలో పెట్టిన మీ స్టేషన్ ఇప్పటిదాకా మార్చలేదు. మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకి చేతులకీ కళ్ళకీ తీరిక ఉండదు, చెవులొక్కటే ఖాళీ. ఇన్నేళ్ళూ వాటిని మీకే అప్పజెప్పాం. ఒక దీపావళికి డబ్బు కట్టి యాడ్ కూడా వేయించాను. ఈసారి శ్రావణమాసానికి వేయిద్దాం, పది సెకన్లకు రేటెంతో అడుగుదామని మీ వెబ్‌సైట్ తెరవడమే నా పాపమైంది.

'ప్రకటనల కోసం' అని ఉన్న నంబరుకి చేస్తే ఒకాయన ఎత్తారు. "అమ్మా, నేను అక్కడ మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు శంకర్‌పల్లి వైపు ప్లాట్లు అమ్ముతున్నాను" అన్నారు. అది ఆయన సొంత సెల్ నంబరట. తీసేయమని మీవాళ్ళకి చెప్పీ చెప్పీ విసిగిపోయారట. "మీరు ఎలాగూ వాళ్ళతో మాట్లాడతారుగా, నా నంబరు సంగతి కూడా కాస్త చెప్పండమ్మా" అని నన్నే బతిమాలారు. యాడ్ ఇద్దామని వెళ్ళినదాన్ని, మీ పాత ఉద్యోగి తరఫున రాయబారానికి దిగాను. (ప్లాట్ల వివరాలు మాత్రం ఆయన ఆ క్షణమే వాట్సాప్‌లో పంపారు. వ్యాపారం అంటే అదీ.)

మెయిల్ పెడితే అలాంటి అడ్రసే లేదని తిరిగొచ్చింది. ఫారం నింపితే 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని కనిపించింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ల్యాండ్‌లైన్‌కి చేస్తే రిసెప్షన్ అమ్మాయి, "వెబ్‌సైట్ మా చేతిలో లేదు మేడమ్, ముంబై డిజిటల్ టీమ్ చూస్తుంది" అంది. ముంబై బాబు హిందీలో, "పేర్లు, నంబర్లు లోకల్ స్టేషన్ పంపితేనే మారుస్తాం" అన్నాడు. మళ్ళీ ఈ అమ్మాయి దగ్గరికొస్తే, "అవి పంపాల్సిన మేడమ్ రిజైన్ చేశారండీ, కొత్తవాళ్ళు ఇంకా జాయిన్ కాలేదు" అంది. ఆ మేడమ్ మీ 'మా బృందం' పేజీలో చక్కగా నవ్వుతూనే ఉన్నారు! ఈలోగా ముంబై నుంచి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, క్లోజ్ చేశాం. ఏం పరిష్కరించారు నాయనా అని అడుగుదామంటే దానికి జవాబు పంపే దారి లేదు.

పొద్దున షో పేజీలో ఫోటో ఉన్న ఆర్జే ఇప్పుడు అదే టైముకి వేరే స్టేషన్‌లో మాట్లాడుతోంది. ఇంకా ఆమె పేరు మీదే మీరు వాట్సాప్ శుభాకాంక్షలు పంపమంటున్నారు. మా షాపులో పనిచేసే అమ్మాయి తమ్ముడి పుట్టినరోజుకి పంపి, రోజంతా రేడియో దగ్గరే చెవి పెట్టుకుని కూర్చుంది. నాకు నిజంగా మండింది అక్కడే.

ఉద్యోగి మానేసిన రోజే ఐడీ కార్డు, లాప్‌టాప్ లాక్కుంటారు కదా, మెయిల్ మూసేస్తారు కదా. నంబరు తీసేయడానికి ఎవరికీ చేతులు రావా? మనిషి పేరుతో కాకుండా ఆ పనికంటూ ఒక నంబరు, ఒక మెయిల్ పెట్టుకుంటే ఎవరొచ్చినా పోయినా అవే నడుస్తాయి. నా షాపు బోర్డు మీద ఉన్నది అలాంటి నంబరే. ఇది నేను మీకు చెప్పాల్సి రావడం!

మా అమ్మ ఆకాశవాణికి పోస్టుకార్డు రాసేది. ఆ ఉత్తరాలు చదివి రేడియోలోనే జవాబు చెప్పేవారు. కార్డు ఖరీదు పైసల్లో. మీకు యాప్, వెబ్‌సైట్, డిజిటల్ టీమ్ అన్నీ ఉన్నాయి, జవాబిచ్చే మనిషే లేడు.

శ్రావణమాసం యాడ్ ఇక మీకు రాదు, ఆ ఆర్జే వెళ్ళిన స్టేషన్‌కే ఇస్తాను. వినాయక చవితిలోగా ఎవరో ఒకరు, నిజంగా అక్కడ పనిచేస్తున్నవాళ్ళు, నాకు ఫోన్ చేయాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, మీ టీమ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఎవరు ఎక్కడికి వెళ్ళారో రాసి ఫేస్‌బుక్‌లో పెడతాను. మా వీధిలో రేడియో పెట్టే షాపులు ఇంకా చాలా ఉన్నాయి, వాళ్ళందరికీ చెబుతాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అడ్రసు కూడా వెబ్‌సైట్‌లోదే. ఆఫీసు మారిపోయి తిరిగొస్తే, కవరు ఫోటో కూడా ఫేస్‌బుక్‌లో పెడతాను.

ఇట్లు,
మగ్గం వర్క్ షాపు యజమానురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

తా.క.: ప్లాట్లాయన నంబరు ముందు తీసేయండి. నిన్న మళ్ళీ నాకే ఫోన్ చేసి అడిగారు.