నడిమి వరుసను ఎందుకు దిద్దనివ్వలేదు? కార్డినల్ సిస్నేరోస్ గారికి బహిరంగ లేఖ

టొలేడో ఆర్చిబిషప్పు, కస్తీల్య రాజప్రతినిధి, మతవిచారణ ప్రధానాధికారి, మహారాజశ్రీ కార్డినల్ ఫ్రాన్సిస్కో హిమేనెస్ దె సిస్నేరోస్ గారి సముఖానికి,

అయ్యా,

మీరు కాలం చేసి 500 ఏళ్లు దాటింది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. బహిరంగ లేఖల్లో చాలావాటి గతి అదే కనుక ఇందులో వింతేమీ లేదు. నేను తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి. మీరు స్పెయిన్‌లోని అల్కలా దె ఎనారెస్‌ పట్టణంలో అచ్చు వేయించిన బహుభాషా బైబిలు పుటలను కంప్యూటరు తెర మీద పెద్దవి చేసుకుని చూశాక, వాటిలో హీబ్రూ, గ్రీకు నాకు రాకపోయినా, కొన్ని రాత్రుల పాటు వాటిని వదల్లేకపోయాను.

పాత నిబంధన పుటకు మూడు నిలువు వరుసలు. వెలుపలి అంచున హీబ్రూ మూలం, నడుమ సెయింట్ జెరోం లాటిన్ అనువాదం, లోపలి వైపు గ్రీకు, ఆ గ్రీకు పంక్తుల మధ్య సన్నని అక్షరాల్లో మాటకు మాటగా లాటిన్ అర్థం. మొదటి ఐదు కాండాలకు అడుగున అరమాయిక్ అనువాదమూ దాని అర్థమూ అదనం. హీబ్రూ మాటల నెత్తిన చిన్న రోమన్ అక్షరాలు కూర్చుని ఉంటాయి. నడిమి వరుసలో వాటికి సరిపోయే లాటిన్ మాటల మీదా అవే అక్షరాలు. పక్క మార్జిన్‌లో ఆ హీబ్రూ మాటల ధాతువులు. అక్షరాలు మాత్రమే నేర్చిన విద్యార్థి కూడా వేలు పెట్టుకుని ఈ వరుసలోంచి ఆ వరుసలోకి దాటగలడు. లాటిన్ పంక్తి పొట్టిగా పడిన చోట, మూడు వరుసలూ జోడు తప్పకుండా నడవాలని, మీ ముద్రాపకుడు అర్నావో గియ్యెన్ దె బ్రోకార్ ఆ ఖాళీని చిన్న సున్నాల గొలుసుతో నింపాడు. కుడి నుంచి ఎడమకు సాగే లిపినీ ఎడమ నుంచి కుడికి సాగే లిపులనూ ఒకే చట్రంలో బిగించడం ఎంత పనో, సీసపు అచ్చుల్లో ఒత్తులూ గుణింతాలూ పేర్చిన మా పాత కంపోజిటర్లను అడిగితే చెబుతారు.

మా దగ్గర గ్రంథం రాసినవారిని కృతికర్త అనీ, పోషించి అంకితం పుచ్చుకున్నవారిని కృతిభర్త అనీ అంటారు. మీ అచ్చుకూటంలో పని సాగుతున్న 1515లో కొండవీడు గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అటువంటి కృతిభర్తే. మీ సంగతి కొంచెం వేరు. ఖర్చు మీది, అంకితం పదవ లియో పోపుకు. మొత్తం 50,000 బంగారు డకాట్లు అయ్యాయని చెబుతారు. వేసినవి సుమారు 600 ప్రతులు, ఆరు సంపుటాల వెల ఆరున్నర డకాట్లు. ఒక్కటి మిగలకుండా అమ్ముడుపోయినా 4,000 డకాట్లు రావు. ఏ ప్రచురణకర్తా తన డబ్బుతో తలపెట్టని పని ఇది, ఇందుకు మీకు నమస్కరించక తప్పదు.

ఆ హీబ్రూ వరుసను మీరు అల్ఫోన్సో దె సమోరా, పాబ్లో కొరోనెల్, వైద్యుడైన అల్ఫోన్సో దె అల్కలా అనే ముగ్గురికి అప్పగించారు. ముగ్గురూ యూదులుగా పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవారు. 1492లో యూదులను వెళ్లగొట్టిన రాజ్యం పదేళ్లకే వారి గ్రంథం చదివి చెప్పేవారి కోసం వెతుక్కోవలసి వచ్చింది. మతం మారినవారి నమ్మకాన్ని శంకించి విచారించే వ్యవస్థకు 1507 నుంచి అధిపతి మీరే, ఈ ముగ్గురికీ పోషకులూ మీరే. ఇంత చేసి, గ్రంథం ముందుమాటలో, యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగుకూ గ్రీకు చదివే తూర్పు క్రైస్తవ సంఘానికీ నడుమ లాటిన్ పాఠం ఇద్దరు దొంగల మధ్య సిలువ మీదున్న యేసులా ఉందని అచ్చు వేయించారు. ఆ దొంగల్లో ఒకరి స్థానం సమోరా, అతని తోటివారు అక్షరం అక్షరం దిద్దిన వరుసకు దక్కింది. ఆ వాక్యం ప్రూఫు ఎవరి చేతికి వెళ్లిందా అని నాకు ఇప్పటికీ ఆలోచన.

ఇక అసలు విషయానికి వస్తాను. లాటిన్ వ్యాకరణంలో మీ దేశానికే గురువైన అంతోనియో దె నెబ్రీహా ఈ పనిలో చేరి, విడిచి వెళ్లిపోయాడు. లాటిన్ ప్రతులు ఒకదానితో ఒకటి పొసగని చోట పాత నిబంధనకు హీబ్రూను, కొత్త నిబంధనకు గ్రీకును చూసి దిద్దాలని ఆయన వాదం. జెరోం చెప్పినదీ అదే. పాత లాటిన్ ప్రతుల్లో సాధారణంగా కనిపించే పాఠాన్ని కదల్చవద్దని మీ ఆజ్ఞ. అలాగైతే నా పేరు దీనికి వద్దని ఆయన మీకు ఉత్తరం రాశాడు. మీరు పిరికివారని నేను అనను. మీకు ముందున్న విచారణాధికారి దియేగో దె దేసా నెబ్రీహా కాగితాలు లాక్కున్న తరువాత, నెబ్రీహా తన సమర్థన గ్రంథాన్ని మీకే అంకితమిచ్చాడు. ఆయన పని విడిచాక కూడా మీరు కక్ష కట్టలేదు. అల్కలాలో ఉద్యోగమిచ్చి, పాఠం చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి, లేకపోతే మానేయనివ్వండి అన్నారంటారు. మనిషికి ఇంత స్వేచ్ఛ ఇచ్చిన మీరు ఆయన కలానికి ఎందుకు ఇవ్వలేదన్నదే నా ప్రశ్న.

మాటకు మాటను ముడివేసే చిన్న అక్షరాలు అచ్చు వేయించి, ఆ ముడి పట్టుకుని నడిమి వరుసను సరిచూడవద్దనడం నాకు అర్థం కాలేదు. పోనీ, ఏ వరుసను ఆ వరుసగా వదిలేయడమే మీ నియమమనుకుందామంటే, యోహాను మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో పరలోకంలోని ముగ్గురు సాక్షుల వాక్యాన్ని మీ పండితులు లాటిన్ నుంచి గ్రీకులోకి తర్జుమా చేసి గ్రీకు వరుసలో చేర్చారు. అంటే దిద్దుబాటు జరిగింది, కాకపోతే తిరగబడి జరిగింది. అయినా హీబ్రూ వరుసను పూర్తిగా, స్వరాల గుర్తులతో సహా, లాటిన్ పక్కనే నిలిపినందువల్ల, మీరు దిద్దనివ్వని తేడాలన్నీ చదివేవాడి కంటికి వాటంతట అవే పడతాయి. ఇది మీరు ఊహించే చేశారేమో కూడా.

1517 జూలై 10న చివరి సంపుటం అచ్చు పూర్తయింది, నవంబరు 8న మీరు కన్నుమూశారు. పోపు అనుమతి 1520లో వచ్చింది, పుస్తకం జనం చేతికి 1522 నాటికి గానీ రాలేదు. నెబ్రీహా ఆ ఏడాదే పోయాడు. ఆయన మీకు రాసిన ఉత్తరం మిగిలింది. దానికి మీ జవాబు మాత్రం నా కంటపడలేదు. నేను అడుగుతున్నది ఆ జవాబే.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే ఒక తెలుగువాడు