బుసాన్ అంటే రెడ్ కార్పెట్ ఫొటోలేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సినిమా పేజీ రోజూ వదలకుండా చదివేవాళ్ళలో నేనూ ఒకడిని. దక్షిణ కొరియాలో బుసాన్ ఫిల్మ్ ఫెస్టివల్ జరిగినప్పుడల్లా మీ పేపర్లో వచ్చేది ఒకటే, ఫలానా హీరోయిన్ ఫలానా గౌనులో మెరిసింది అని ఒక ఫొటో, దాని కింద రెండు లైన్లు. మిమ్మల్ని ఒక్కళ్ళనే అనట్లేదు, తెలుగు మీడియా దాదాపు అంతా ఇంతే. కానీ ఆసియాలో కొత్తగా సినిమా తీయాలనుకునే కుర్రాళ్ళకి, అమ్మాయిలకి అంత పనికొచ్చే చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు, ఆ సంగతి మన పిల్లలకి చెప్పాల్సిన పేపర్లే చెప్పకపోతే ఇంకెవరు చెప్తారండీ. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

అది మొదలైంది 1996 సెప్టెంబర్‌లో. బుసాన్ కొరియా రాజధాని కాదు, అక్కడి సినిమా ఇండస్ట్రీ అంతా సియోల్లోనే ఉంటుంది, బుసాన్ అంటే హార్బరు, షిప్పులు, చేపలు. కాలేజీల్లో సినిమా పాఠాలు చెప్పేవాళ్ళు, క్రిటిక్స్, కొందరు డైరెక్టర్లు కలిసి మన ఊళ్ళో ఆసియా సినిమా పండగ పెట్టాలి అనుకున్నారు, అనుకుని సాంస్కృతిక శాఖలో వైస్ మినిస్టర్‌గా చేసి దిగిపోయిన కిమ్ డాంగ్-హో గారి దగ్గరికెళ్ళి మీరే ముందుండాలి అని పట్టుబట్టారు. ఆయన ఒప్పుకుని 2010 దాకా ఫెస్టివల్ డైరెక్టర్‌గా ఉన్నారు. మొదటి ఏడాది ఎక్కువ భాగం నాంపో-డాంగ్ అనే పాత బజారు థియేటర్లలో జరిగింది, జగల్చి చేపల మార్కెట్ అక్కడికి రోడ్డు దాటితే చాలు. 31 దేశాల నుంచి 170 దాకా సినిమాలు, చూసిన జనం లక్షా ఎనభై వేల పైమాటే. మొదటిసారికే! అప్పట్లో కొరియాలో జపాన్ సినిమాలు థియేటర్లలో వేయడం నిషేధం, 1998లో గానీ ఆ నిషేధం సడలలేదు, అలాంటిది ఫెస్టివల్లో మాత్రం 1996లోనే వేశారు. ఫెస్టివల్ అయిన కొన్ని వారాలకే, అదే ఏడాది అక్టోబర్‌లో, రిలీజుకి ముందే ప్రభుత్వం సినిమాని సెన్సార్ చేయడం రాజ్యాంగానికి విరుద్ధం అని వాళ్ళ కోర్టు తీర్పిచ్చింది. అంటే అప్పటిదాకా ఏం చూడాలో ఏం చూడకూడదో పైనుంచి ఎవరో చెప్తే విన్న జనం ఒక్కసారిగా ఆసియా మొత్తాన్ని తెర మీద చూశారన్నమాట, అంత జనం ఎందుకొచ్చారో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ఇక్కడ కిమ్ జి-సోక్ గారి గురించి తప్పకుండా చెప్పాలి. మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు, ఆసియా సినిమాలు ఎంపిక చేసే బాధ్యత ఆయనదే. ఇరాన్, ఇండియా, మధ్య ఆసియా, ఆగ్నేయాసియా అన్నీ తిరిగి, ఇంకా ఎవరికీ పేరు కూడా తెలియని డైరెక్టర్ల సినిమాలు వెతికి పట్టుకొచ్చేవాడు. 2017 మే నెలలో కాన్ ఫెస్టివల్‌కి వెళ్ళి అక్కడే గుండెపోటుతో పోయారు. ఆయన పేరు మీద అదే ఏడాది అవార్డు పెట్టారు, 2021లో అపర్ణా సేన్ గారికి, 2024లో అస్సాం డైరెక్టర్ రీమా దాస్‌కి ఆ అవార్డు వచ్చింది. మన పేపర్లలో ఇవి ఎంతమందికి కనపడ్డాయో తెలీదు, నాకైతే ఇంగ్లీషు సైట్లలోనే కనపడ్డాయి.

నేను ఉద్యోగం మీద కొన్నాళ్ళు ఉల్సాన్‌లో ఉన్నాను, అక్కణ్ణించి బుసాన్ గంట ప్రయాణం. ఫెస్టివల్ టైంలో సెలవు దొరికితే పోయేవాణ్ణి. ఇప్పుడు మెయిన్ సెంటర్ అంతా సెంటమ్ సిటీలో ఉంది, 2011లో కట్టిన బుసాన్ సినిమా సెంటర్, ఒక వైపు స్తంభం మాత్రమే పట్టుకుని గాల్లోకి సాగిన పేద్ద కప్పు, దాని అడుగు భాగం అంతా లైట్లే, ఆ కప్పు కింద వేల మంది కూర్చుని ఓపెన్ ఎయిర్‌లో సినిమా చూస్తారు. మన బాహుబలి మొదటి భాగం 2015లో ఓపెన్ సినిమా సెక్షన్లోనే వేశారు. కానీ నాకు బిల్డింగ్ కంటే జనం నచ్చారు. పొద్దున్నే టికెట్ కౌంటర్ ముందు లైను, అందరూ కాలేజీ పిల్లలే, ఒక్కొక్కళ్ళ చేతిలో ప్రోగ్రాం బుక్, అందులో పెన్నుతో సున్నాలు చుట్టుకుని ఈ సినిమా అయ్యాక పరుగెత్తితే ఆ సినిమా దొరుకుతుందా అని లెక్కలేసుకుంటూ నిలబడతారు. ఒకసారి కజకిస్తాన్ సినిమా ఒకటి చూశాను, స్టార్లు లేరు, పాటలు లేవు, హాలు నిండిపోయింది. సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే ఒక్కరూ లేవలేదు, అవన్నీ అయిపోయాక చప్పట్లు కొట్టారు. తర్వాత డైరెక్టర్ వచ్చి స్టేజీ మీద కూర్చుంటే ప్రేక్షకులు ప్రశ్నలు అడగడం, దాన్ని వాళ్ళు జీవీ అంటారు. ఒక అమ్మాయి లేచి నోట్‌బుక్ చూసుకుంటూ ఆ ముసలాయన ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ తలుపు తెరిచే వదిలేస్తాడు, ఆఖర్న మాత్రం మూశాడు, ఎందుకు అని అడిగింది. డైరెక్టర్ కాసేపు మాట్లాడలేదు, తర్వాత నవ్వి, మా నాన్న అలాగే చేసేవాడు అన్నాడు. అంత శ్రద్ధగా చూసే జనం ఉంటే సినిమా తీసేవాడికి ఎంత ధైర్యం వస్తుందో ఆలోచించండి.

సరే, అసలు మన పిల్లలకి పనికొచ్చే విషయాలకి వస్తాను. 1998 నుంచి అక్కడ ఒక ప్రాజెక్ట్ మార్కెట్ నడుస్తోంది, ఇప్పుడు ఆసియన్ ప్రాజెక్ట్ మార్కెట్ అంటున్నారు. చేతిలో స్క్రిప్ట్ ఉండి డబ్బు లేని డైరెక్టర్‌ని పిలిచి, రకరకాల దేశాల ప్రొడ్యూసర్లని, కొనేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి వరసగా మీటింగులు పెట్టిస్తారు. 2005 నుంచి ఆసియన్ ఫిల్మ్ అకాడమీ ఉంది, ఆసియా దేశాల నుంచి కొత్తవాళ్ళని ఎంపిక చేసుకుని అక్కడే షార్ట్ ఫిల్మ్స్ తీయిస్తారు, మొదటి ఏడాది డీన్ ఎవరనుకున్నారు, తైవాన్ డైరెక్టర్ హౌ షియావో-షియెన్. 2007 నుంచి స్క్రిప్టులకి, డాక్యుమెంటరీలకి సాయం చేసే ఫండ్ కూడా ఉంది. మొదటి, రెండో సినిమా తీసిన వాళ్ళకోసమే న్యూ కరెంట్స్ అని పోటీ పెట్టేవారు, గెలిచిన రెండు సినిమాలకి ఒక్కోదానికి 30 వేల డాలర్లు. 2025లో 30వ ఫెస్టివల్ నుంచి పెద్ద పోటీ విభాగమే మొదలుపెట్టారు, ఆసియా సినిమాలకి.

ఆ న్యూ కరెంట్స్ 2022లో ఎవరికొచ్చిందో చూడండి. కన్నడ సినిమా శివమ్మ. తీసింది జైశంకర్ ఆర్యర్, ప్రొడ్యూసర్ రిషబ్ శెట్టి. కొప్పళ జిల్లాలో ఎరేహంచినాళ అనే పల్లెటూరు, స్కూల్లో వంట చేసే ఒక నడివయసు ఆవిడ దాచుకున్న డబ్బంతా తీసుకెళ్ళి ఎనర్జీ డ్రింక్ అమ్మే నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో పెట్టడం, అదీ కథ. నటించిన వాళ్ళు కూడా సినిమాలకి కొత్తవాళ్ళే. కొప్పళ ఎక్కడో లేదండీ, బళ్ళారి దాటితే వచ్చేస్తుంది, మన రాయలసీమకి పక్కనే. ఇలా ఇంట్లో తెలియకుండా డబ్బు పెట్టి గొలుసు స్కీముల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, మన వీధిలోనే ఉన్న కథ. అలాంటి కథ రాసుకుని తిరిగే కుర్రాడు కృష్ణానగర్లో ఇప్పుడు కూడా ఉంటాడు, వాడికి బుసాన్ ప్రాజెక్ట్ మార్కెట్‌కి అప్లికేషన్ పెట్టుకోవచ్చు అని చెప్పిన వాళ్ళు లేరు, అంతే తేడా.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2014 ఏప్రిల్‌లో కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది చనిపోయారు, ఎక్కువమంది స్కూల్ టూర్‌కి బయల్దేరిన పిల్లలు. రెస్క్యూలో ప్రభుత్వం ఎలా ఫెయిలైందో చూపించే డాక్యుమెంటరీ ఒకటి ఆ ఏడాదే ఫెస్టివల్‌కి తీసుకున్నారు. వేయొద్దు అని బుసాన్ మేయర్ అడిగాడు, అప్పట్లో ఫెస్టివల్ కమిటీకి మేయరే ఛైర్మన్, డబ్బిచ్చేది కూడా సిటీనే. అయినా వేశారు. ఆ తర్వాత ఏం జరగాలో అదే జరిగింది, ఆడిట్లు, ఫెస్టివల్ డైరెక్టర్ లీ యోంగ్-క్వాన్ మీద కేసులు, ఆయన్ని తప్పించడం, ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ ఇచ్చే సాయం 2015లో దాదాపు సగానికి కోత. కానీ కొరియా సినిమా వాళ్ళు ఊరుకోలేదు, 2016లో మాకు స్వేచ్ఛ లేకపోతే ఫెస్టివల్‌కే రాము అని సంఘాలుగా నిలబడ్డారు. చివరికి రూల్స్ మార్చి మేయర్ ఛైర్మన్‌గా ఉండే పద్ధతి తీసేశారు, మళ్ళీ కిమ్ డాంగ్-హో గారినే తెచ్చి కూర్చోబెట్టారు. అప్పటికి ఆయనకి దాదాపు ఎనభై ఏళ్ళు. తర్వాత కూడా గొడవలు లేవని కాదు, 2023లో లోపలే రాజీనామాలు అయ్యాయి, కానీ ఏ సినిమా వేయాలో ఎంపిక చేసేవాళ్ళే చెప్పాలి అనే మాట మాత్రం నిలబెట్టుకున్నారు. నాకు బుసాన్ మీద గౌరవం కలిగింది ఇందుకే.

మన దగ్గర ఇలాంటిది ఎప్పుడూ లేదా అంటే కొంత ఉంది. 1986లో ఫిల్మోత్సవ్ అనే అంతర్జాతీయ సినిమా పండగ హైదరాబాద్‌లోనే జరిగింది. పిల్లల సినిమాల అంతర్జాతీయ ఫెస్టివల్‌కి హైదరాబాదే వేదిక, 2017లో 20వది జరిగింది, ఆ తర్వాత మాట లేదు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వాళ్ళు సారథి స్టూడియోలో ఎన్నో ఏళ్ళు ప్రపంచ సినిమాలు చూపించారు, చూసే జనం లేరు అనడానికి వీల్లేదు. ఇప్పుడు ప్రపంచ సినిమా చూడాలంటే మన పిల్లలు డిసెంబర్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి త్రివేండ్రం పోతున్నారు. కేరళ వాళ్ళ ఫెస్టివల్ కూడా బుసాన్ మొదలైన 1996లోనే మొదలైంది, అక్కడి పోటీ ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలకే. మన కంటే చిన్న ఇండస్ట్రీ ఉన్న రాష్ట్రం అది. మన ప్రభుత్వాలు, రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ఉన్నా సరే, సినిమా గురించి మాట్లాడితే స్టూడియోలకి స్థలాలు, టికెట్ రేట్లు, అవార్డులు, అక్కడే ఆగిపోతాయి. నాది విశాఖపట్నం, సముద్రం ఉంది, హార్బర్ ఉంది, యూనివర్సిటీ ఉంది, థియేటర్లున్నాయి, రాజధాని కాకపోయినా ఫెస్టివల్ పెట్టుకోవచ్చని బుసాన్ చూపించింది కదా. డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి, ఎంపికలో మాత్రం వేలు పెట్టకూడదు, ఈ రెండూ మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి.

అదంతా ఎప్పటికవుతుందో, కానీ మీరు చేయగలిగింది రేపే చేయొచ్చు. ఈసారి ఫెస్టివల్ టైంలో గౌను ఫొటో వేసుకోండి, వద్దనను, పక్కన అర పేజీ ఇచ్చి ఇండియా నుంచి ఏ సినిమాలు వెళ్ళాయి, ఎవరికి ఏ అవార్డు వచ్చింది రాయండి. అంతకంటే ముఖ్యం, ప్రాజెక్ట్ మార్కెట్‌కి, అకాడమీకి, ఫండ్‌కి అప్లికేషన్లు తీసుకునే తేదీలు ఫెస్టివల్‌కి కొన్ని నెలల ముందే వెబ్‌సైట్లో పెడతారు, అవి రాగానే ఎవరు అర్హులు, ఏమేం పంపాలి తెలుగులో వివరంగా వేయండి. అన్నపూర్ణ కాలేజీలోనూ యూనివర్సిటీల్లోనూ సినిమా చదివే పిల్లలు మీ పేపర్ చూస్తారు. ఇంగ్లీషు ఫారం నింపడానికి భయపడి ఆగిపోయే వాళ్ళెవరైనా ఉంటే నాకు చేతనైన సాయం చేస్తాను, నా నంబర్ మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగిన వాళ్ళకి ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం