డ్రమ్ములు అమ్మను

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మీ సంగీత జట్టు విడిపోయింది కాబట్టి డ్రమ్ములు ఎవరికైనా అమ్మేయమని రాశావు. ఉత్తరం చదివిన వెంటనే గరాజులోకి వెళ్లి దుప్పటి తీసి చూశాను. దుమ్ము తప్ప ఏ లోపమూ లేదు. నేను అమ్మను.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా వెళ్లేటప్పుడల్లా లేసీ ఊరి దగ్గర స్లీటర్-కిన్నీ రోడ్డు పలక కనబడగానే నువ్వు కారులో కేక పెట్టేదానివి, గుర్తుందా? ఆ రోడ్డు మీదే తొలినాళ్లలో సాధన చేసి, దాని పేరే తమ రాక్ బృందానికి పెట్టుకున్న ఆ ముగ్గురు ఆడవాళ్లు 2006 ఆగస్టులో పోర్ట్‌లాండ్‌లో చివరి కచేరీ చేసి ఆగిపోయారు. మళ్లీ ఎప్పుడన్నది చెప్పలేదు. అప్పటికి నీకు నడక కూడా సరిగా రాలేదు. నిన్ను చంకనేసుకుని వంట చేస్తూ నేను విన్నది వాళ్లు 2005లో చేసిన ‘ది వుడ్స్’ ఆల్బమ్‌నే. ఇక కొత్త పాట రాదనే అనుకున్నాను.

ఆ ఎనిమిదేళ్లూ వాళ్లు ఖాళీగా లేరు. కోరిన్ టక్కర్ పిల్లల్ని పెంచుకుంటూ వేరే బృందంతో పాడింది. క్యారీ బ్రౌన్‌స్టీన్ టీవీలో హాస్యం రాసి నటించింది. జానెట్ వైస్ ఇతర బృందాలకు వాయించింది. 2014 అక్టోబరులో పాత ఆల్బమ్‌లన్నీ కలిపి ఒక పెట్టెగా వచ్చాయి. అందులో ఎవరికీ చెప్పకుండా పెట్టిన చిన్న రికార్డు ఒకటి ఉంది. దాని మీద ఒక తేదీ: 2015 జనవరి 20. రహస్యంగా రికార్డు చేసుకున్న కొత్త ఆల్బమ్ ‘నో సిటీస్ టు లవ్’ ఆ రోజే విడుదలైంది.

పది పాటలు, అన్నీ కలిపి అరగంటకు కాస్త ఎక్కువ. పాత పేరు మీద బతకడానికి వచ్చిన పాటలు కావవి. మొదటి పాట ‘ప్రైస్ ట్యాగ్’ దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే మనిషిది, సరుకుల ధరలది. అది వింటూ నేను పొయ్యి కట్టేసి కూర్చుండిపోయాను. నువ్వు మాత్రం గిన్నెలు బోర్లించి రెండు గరిటెలు పట్టుకున్నావు. కింది స్వరాలు మోసే బేస్ గిటారు వాళ్లకు లేదు. పెనవేసుకుంటూ పెనుగులాడే రెండు గిటార్లకు కాళ్ల కింద నేల జానెట్ డ్రమ్ములే. ఎవరూ చెప్పకుండానే నీ చేతులు వాటినే వెతుక్కున్నాయి. నాలుగు నెలల తర్వాత నాన్న ఈ డ్రమ్ములు కొన్నారు.

2019లో జానెట్ ఆ బృందాన్ని వదిలి వెళ్లింది. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు. అందుకే మీ నలుగురూ మళ్లీ కలుస్తారని నేను మాట ఇవ్వను. కలవకపోతే వేరే వాళ్లతో వాయిస్తావు, లేదా కొన్నేళ్లు ఒంటరిగా వాయించుకుంటావు. డ్రమ్ములు మాత్రం ఇంట్లోనే ఉంటాయి.

ఈ వానలకు గరాజులో తేమ పడుతుందని నాన్న నిన్న వాటిని మేడ మీది నీ గదిలోకి చేర్చారు. చిన్న డ్రమ్ము తోలు కాస్త వదులైంది. బిగించే తాళంచెవి నీ దగ్గరే ఉన్నట్టుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మరచిపోకుండా తీసుకురా.

అమ్మ