మంత్రి గారూ, లెక్కని మధ్యలో ఆపేయకండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అడవి జంతువులు, ఎలుకలు, దోమలు, పిడుదులు, వాటివల్ల మనుషులకొచ్చే జబ్బులు. వీటి మీద కాంట్రాక్టు పద్ధతిలో సర్వేలు చేసే టీముల్లో కొన్నేళ్లు పనిచేశాను. గడువు అయిపోగానే పని ఎక్కడిదక్కడ వదిలేసి రావడం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు, ఆ బాధతోనే రాస్తున్నాను.

పిడుదుల్ని ఎలా లెక్కపెడతామో చెప్తాను. తెల్ల ఫ్లానెల్ గుడ్డని గడ్డి మీద మెల్లగా లాక్కుంటూ నడవాలి, కాస్త దూరానికోసారి ఆగి గుడ్డ తిప్పి చూడాలి. పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది, కదిలితే తప్ప తెలియదు. దాన్ని పట్టకారుతో తీసి ఆల్కహాల్ సీసాలో వేసి, తేదీ, చోటు చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి అందులోనే వేస్తాం, ఎందుకంటే పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఇంత ఓపికగా చేసే పనికి మాకిచ్చిన గడువు నాలుగు నెలలు! కొన్ని రకాల పిడుదులకి గుడ్డు నుంచి పెద్దదవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. అలాంటప్పుడు ఒక్క సీజన్ లెక్క చూసి పెరిగాయో తగ్గాయో ఎవరు చెప్పగలరు?

1957లో ఇప్పటి కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు వరసగా చచ్చిపోయాయి, ఆ చుట్టుపక్కల మనుషులకీ జ్వరాలొచ్చాయి, వెతికితే పిడుదులు మోసుకొచ్చే కొత్త వైరస్ బయటపడింది. ఇప్పటికీ అక్కడ కోతి చనిపోయిందంటే అది హెచ్చరికే. కానీ కోతి చావు ఒక శాఖ కాగితాల్లో, జ్వరం ఇంకో శాఖ కాగితాల్లో ఉండి, పిడుదుల సర్వే ఎప్పుడో ముగిసిన కాంట్రాక్టులో ఉంటే ఆ హెచ్చరిక ఎవరి చెవిన పడుతుంది సార్?

దోమల మందు సంగతి ఇంకా కష్టంగా ఉంటుంది. మందు పూసిన కాగితం ఉన్న ట్యూబులో దోమల్ని గంటసేపు ఉంచి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో చూస్తాం. 90 శాతం కన్నా తక్కువ చస్తే దోమలు ఆ మందుకి లొంగడం లేదన్నట్టే. ఒకసారి మా టెస్టులో మర్నాడు పొద్దున చూస్తే సగానికి సగం బతికే ఉన్నాయి. మాకు ఆ పని అప్పగించింది ఆ మందు అమ్మేవాళ్లే. రిపోర్టు బయటికి రాలేదు, ఫాగింగ్ మాత్రం అదే మందుతో సాగింది. నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

కాంట్రాక్టులే వద్దని నేననను, ఈ పని బాగా తెలిసినవాళ్లు చాలామంది బయటి సంస్థల్లోనే ఉన్నారు. అయితే గడువు కనీసం మూడేళ్లు ఉండాలి, మందు అమ్మేవాళ్ల చేతికి టెస్టు ఇవ్వకూడదు, ఫలితం మంచిదైనా చెడ్డదైనా జనానికి కనబడాలి. వాళ్ల ఇళ్లలో కొట్టే మందు అది.

అన్నిటికన్నా ముందు, మీ శాఖ డబ్బుతో ఇప్పటిదాకా చేసిన సర్వేల రిపోర్టులు, శాంపిళ్లు ఎక్కడున్నాయో కనుక్కుని తెప్పించండి. మా సీసాలు ఏదో గోడౌన్‌లో ఉండే ఉంటాయి. లోపలి పెన్సిల్ రాత ఇంకా చదవొచ్చు.

ఇట్లు,
ఒకప్పటి ఫీల్డ్ సర్వే ఉద్యోగి